మారణయంత్రము ఇంటికి అలంకారమా?

ప్రాచీనవస్తువులను సేకరించుట నిందింపదగిన పని కాదు. తాటాకు గ్రంథములను, రాగిశాసనములను, పాతనాణెములను ఓర్పుతో వెదకి కాపాడిన మహనీయులు లేకున్నచో మన చరిత్రలో సగము చెదపురుగుల పాలయి యుండెడిది. కావున సేకరణమను వ్యసనముపై మాకు వైరము లేదు. కాని సేకరింపబడు వస్తువు ఏది, అది ఏ పనికి పుట్టినది, దానిని ఇంట నిలుపుటవలన ఆ యింటివారి మనస్సు దేనికి అలవాటుపడును అను ప్రశ్నలు విడువరానివి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొందఱు గృహస్థులు రెండు మహాయుద్ధముల కాలపు మరతుపాకులను, అనగా తూటాలు గ్రుచ్చిన పొడుగుపాటి పట్టీని మ్రింగుచు కాల్చు యంత్రములను, కొంచెము మార్చి ఇండ్లలో నిలుపుకొని ముచ్చటపడుచున్నారు. ఈ ముచ్చటను గూర్చి మా యభిప్రాయమును దాపఱికము లేక చెప్పదలచితిమి.

ముందుగా విషయము తెలియవలెను. 1934లో ఆ దేశపు కాంగ్రెసు ఒక శాసనము చేసి, ప్రతి మరతుపాకిని ప్రభుత్వమువారి పట్టికలో నమోదు చేయవలెననియు, చేతులు మారినప్పుడు 200 డాలర్ల పన్ను చెల్లింపవలెననియు విధించెను. 1986 మే 19వ తేదీకి ముందు చట్టబద్ధముగ ఉన్నవి తప్ప మఱి యే మరతుపాకిని సామాన్యపౌరుడు ఉంచుకొనరాదని వేఱొక శాసనము వచ్చెను. దానితో నమోదయిన తుపాకుల సంఖ్య పెరుగుట నిలిచెను. వెలలు మాత్రము ఆకాశము నంటెను. అంత వెల పెట్టలేనివారి కొఱకు వెలసినదే అర్ధస్వయంచాలకమను క్రొత్త జాతి. సైన్యములు విసర్జించిన బ్రౌనింగు 1919 వంటి తుపాకుల నడిమి పెట్టెను మంటతో కోసి ముక్కలు చేసి, తక్కిన భాగములను విక్రయింతురు. కొన్నవారు క్రొత్తగా చేసిన ప్రక్కరేకును బిగించి, పూర్వపు భాగములు ఇముడకుండ లోపల అడ్డుకట్ట నుంచి, మీటను ఒకమారు నొక్కిన ఒక్క గుండు మాత్రమే వెడలునట్లు అమర్చుదురు. ఇట్లు మార్చబడినది ఆ దేశపు కేంద్రశాసనము దృష్టిలో మరతుపాకి కాదు. పట్టీ అదియే, గొట్టము అదియే, ముక్కాలిపీట అదియే. శాసనము పెట్టిన పేరొక్కటియే వేఱు.

దీనిని సమర్థించువారి వాదములను మేము తక్కువచేసి చెప్పము. ఇది చరిత్రను కాపాడుట యందురు. ఇంత చక్కని యంత్రనైపుణ్యము నశింపరాదందురు. మేము శాసనమును మీఱలేదు, ఎవ్వరికిని హాని చేయలేదందురు. ఈ కడపటి మాటలో సత్యము కలదు. బ్రౌనింగు 1919 తుపాకి యొక్కటియే 14 కిలోల బరువు. ముక్కాలిపీట బరువు వేఱు. దానిని చంకనిడుకొని దోపిడికి బయలుదేఱు దొంగ యెవ్వడు? వీథులలో నిత్యము జరుగు హత్యలకు చేతిలో నిముడు చిన్న పిస్తోళ్లే ముఖ్యసాధనములు. కావున ఈ సేకర్తలు హంతకులని మేమనము, అట్లనుట అన్యాయము. మా యాక్షేపణ వేఱు.

చరిత్రను కాపాడుట యను మాటను మొదట పరీక్షింతము. శాసనము ఏ భాగమును తుపాకిగా నెంచునో ఆ భాగమే ఇందు క్రొత్తది. మూలవిగ్రహమును పగులగొట్టి, ప్రభామండలమును కిరీటమును మాత్రము తెచ్చి, క్రొత్తబొమ్మకు తగిలించి, ఇది ప్రాచీనవిగ్రహమని చూపినచో నమ్మువా రెవ్వరు? పోనిండు, చరిత్రయే కావలసినచో దానిని కాల్చుట యేల? కాల్చవలెనన్నను, ఒక్కొక్క గుండుగా కాల్చు తుపాకులు కోట్లకొలది యుండగా ఈ పట్టీ యేల? కోరునది జ్ఞానము కాదు. ఆ రూపమును, ఆ శబ్దమును, ఆ యంత్రము వెనుక కూర్చుండినవానికి కలుగు బలగర్వమును మాత్రమే.

చరిత్ర యనునది ఇనుములో లేదు. ఆ యినుము ఎదుట నిలిచినవారి గతిలో నున్నది. అమెరికాలో పుట్టి లండనులో స్థిరపడిన హైరం మాక్సిం 1884లో తుపాకి వెనుకకు తన్ను బలముతోనే తరువాతి తూటాను ఎక్కించు ఉపాయమును కనిపెట్టెను. 1898లో సూడానులోని ఒందుర్మానువద్ద ఫిరంగులతోను, తుపాకులతోను, ఈ మాక్సిం యంత్రములతోను కిచెనరు సైన్యము ఒక్కదినమున 10 వేలకు పైగా సూడానీయులను కూల్చెను. తనవైపున చచ్చినవారు 50కి లోపే. అప్పుడు ఐరోపావారికి ఇది నాగరికత సాధించిన విజయముగ తోచెను. 1916 జులై 1వ తేదీన ఫ్రాన్సులోని సోమ్ నదీప్రాంతమున ఆ మాక్సిం జాతి తుపాకులే జర్మనుల చేత నుండెను. బ్రిటిషు సైన్యమున 19,240 మంది ఒక్కనాడే మరణించిరి. పరాయిబిడ్డలమీద ప్రయోగించిన విద్య తమ బిడ్డలమీదికే తిరిగి వచ్చెను.

మనకును ఈ కథలో పాలు కలదు. 1919 ఏప్రిల్ 13వ తేదీన జలియన్‌వాలాబాగునకు డయ్యరు రెండు కవచపు మోటారుబండ్లపై మరతుపాకులను వెంటగొని వచ్చెను. సందు ఇఱుకగుటచే అవి వెలుపలనే నిలిచిపోయెను. రైఫిళ్లతో 1,650 గుండ్లు కాల్పించెను. ప్రభుత్వమువారు ఒప్పుకొన్న మృతులే 379 మంది. బండ్లు లోనికి పోగలిగియున్నచో మరతుపాకులను కూడ వాడియే యుందునేమో యని ఆయన విచారణసంఘము నెదుట చెప్పెను. ఆ దినమున కొన్ని ప్రాణములను దక్కించినది కాల్పించినవాని దయ కాదు, సందు యొక్క వెడల్పు. అట్టి యంత్రమును దీపాల వెలుగులో నిలిపి అతిథులకు చూపుచో, ఈ సంగతిని కూడ చెప్పుదురా?

నైపుణ్యమును మేము కాదనము. కాని నైపుణ్యము నెఱుగుటకు ప్రక్కను కోసి లోభాగములు కనబడునట్లు చేసిన తుపాకి చాలును. లీడ్సులోని రాయల్ ఆర్మరీసు, లండనులోని ఇంపీరియలు వార్ మ్యూజియము వంటి ప్రదర్శనశాలలు ఆయుధములను చూపుచు, వాని కథలను కూడ చెప్పుచున్నవి. ఇంట తూటాల పట్టీతో సిద్ధముగ నున్న తుపాకి ఆ కథను చెప్పదు.

ఇక శాసనమును మీఱలేదను మాట. ఒక్కమారు మీట కదలిన ఒక్క గుండు. ఇదియే వారి గీత. ఆ గీతను దాటకయే దాటుట యెట్లని ఒక వర్తకమే పుట్టినది. మీటను మాటిమాటికి తట్టు చేతిచక్రములు ఒకటి. తుపాకి అదరుటతోనే మీట వ్రేలికి తగులుచుండునట్లు చేసిన బంప్ స్టాకు అను పిడి మఱొకటి. 2017 అక్టోబరు 1వ తేదీన లాస్ వేగాసులో సంగీతోత్సవమునకు వచ్చిన జనసమూహముపై ఇట్టి పిళ్లు గల తుపాకులతో ఒకడు కాల్చగా 60 మంది ప్రాణములు పోయెను. అవి పట్టీ తుపాకులు కావని మేమే చెప్పుచున్నాము. కాని ఒక్కొక్క గుండు తుపాకిని ధారగ కురిపింపవలెనను కోరిక మాత్రము అదియే. ప్రభుత్వము 2018లో ఆ పిళ్లను నిషేధింపగా, 2024 జూను 14వ తేదీన సుప్రీముకోర్టు 1934 నాటి శాసనవాక్యమును బట్టి అవి మరతుపాకులు కావని, 6గురు ఒకవైపును 3గురు వేఱొకవైపును నిలిచి, తీర్పు చెప్పెను. శాసనమునకు లోబడుట ధర్మమునకు లోబడుటతో సమానము కాదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

1878 నాటి ఆయుధశాసనముచే మనలను నిరాయుధులను చేసినప్పుడు మనవారు మొఱపెట్టలేదా యని కొందఱు అడుగవచ్చును. మొఱపెట్టిరి, తెల్లవారికి మినహాయింపు, నల్లవారికి నిర్బంధము అను ఆ యవమానము సహింపరానిది. కాని 1931 కరాచీ కాంగ్రెసువారు ఆయుధముల హక్కును కోరినప్పుడు నియమములకు లోబడియే కోరిరి. స్వతంత్రభారతము 1959లో తన శాసనమును తాను చేసికొని, 2019లో ఒకనికి మూడు తుపాకులను పరిమితిని రెండునకు తగ్గించెను. సమానత్వమును కోరుట వేఱు. సంహారయంత్రములతో చావడి నలంకరించుట వేఱు.

మన పెద్దలును ఆయుధపూజ చేయుదురు గదా యందురా? చేయుదురు, నాగలిని, త్రాసును, గంటమును కూడ ఆనాడే పూజింతురు. దసరానాడు మనము మ్రొక్కు జమ్మిచెట్టు కథను తలపుడు. పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు ఆయుధములను ఆ చెట్టుపై దాచి, జనులు శవమని తొలగిపోవునట్లు చేసిరి. ఆయుధమునకు సరియైన పొరుగు శవమని ఆ కథ చెప్పుచున్నది. ఈ సేకర్తలు శవమును తొలగించి ఆయుధమును మాత్రము ఇంటికి తెచ్చికొనుచున్నారు.

ఇండ్లపై బడి ఇనుమును లాగికొనుడని మేము చెప్పము. పట్టీతో నడచు ఈ తుపాకులను కూడ 1934 నాటి పట్టికలో చేర్పవలెను. చేతిచక్రము, పిడి మొదలగు మాయలను కాంగ్రెసే స్పష్టమైన వాక్యముతో మూయవలెను. నిజముగ చరిత్రను ప్రేమించువాడు తన తుపాకిని కాల్చుటకు వీలులేనట్లు చేసి, దాని ప్రక్క ఒందుర్మాను, సోమ్ మృతుల సంఖ్యను వ్రాసి యుంచవలెను. ఆ దేశమున కాపురమున్న మన తెలుగు కుటుంబములకు ఒక్క మనవి: పిల్లలను ఇట్టి వేడుకలకు కొనిపోవుటకు ముందు ఆ యంత్రమునకు ఎదుటివైపున నిలిచినవారు ఎవ్వరో వారికి చెప్పుడు. చెప్పిన పిమ్మట వారే వెళ్లుదమందురో, వలదందురో చూడుడు.