నోటీసు వచ్చే ఈమెయిల్ ఏ ఫోన్‌లోనైనా తెరుచుకోవాలి

వినతిపత్రం

కతర్‌గామ్, సూరత్

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ మంత్రిత్వ శాఖ, న్యూఢిల్లీ.

ప్రతి: మున్సిపల్ కమిషనర్ గారికి, సూరత్.

విషయం: మొబైల్ ఫోన్లలో ఈమెయిల్ సేవలకు బహిరంగ ప్రమాణాలను తప్పనిసరి చేయాలని కోరుతూ.

ఆర్యా,

బతుకుదెరువు కోసం తెలంగాణ జిల్లాల నుంచి సూరత్‌కు వచ్చి కతర్‌గామ్, ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల వాళ్లం. మాలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాళ్లున్నారు, ఎంబ్రాయిడరీ జాబ్‌వర్క్ చేసేవాళ్లున్నారు, చిన్న యూనిట్లు నడిపేవాళ్లున్నారు. చాలామంది ఇళ్లలో కంప్యూటర్ లేదు. మెయిల్ చూడాలన్నా, ఫారం నింపాలన్నా చేతిలో ఉన్న ఫోనే దిక్కు.

ఈమెయిల్ ఇప్పుడు తీరిక ఉన్నప్పుడు చూసుకునే విషయం కాదు. కేంద్ర జీఎస్టీ చట్టం 169వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సమయంలో ఇచ్చిన ఈమెయిల్‌కు నోటీసు పంపినా అది అందినట్టే లెక్క. ఆ మెయిల్ చూడలేదని చెబితే గడువు ఆగదు. ఫోన్‌లో మెయిల్ తెరవడం చేతకాక, ట్యాక్స్ కన్సల్టెంట్ ఈమెయిలే రాయించి వదిలేసిన చిన్న వ్యాపారులు ఎందరో. నోటీసు కన్సల్టెంట్‌కు వెళుతుంది, జరిమానా వ్యాపారికి పడుతుంది.

ఎవరి మెయిల్ వారు ఏ ఫోన్‌లోనైనా తెరుచుకోవడానికి కావలసిన సాంకేతిక మార్గం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మెయిల్ పంపడానికి ఎస్‌ఎంటీపీ 1982 నుంచి ఉంది. సర్వర్‌లోని మెయిల్‌ను ఏ పరికరం నుంచైనా చదివే ఐమ్యాప్ 1986లో మొదలై, 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9051 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా తాజా రూపం పొందింది. అటాచ్‌మెంట్ మొత్తం దిగకుండానే ఎవరు పంపారో, విషయం ఏమిటో చూసుకునే వీలు ఇందులో ఉంది. డేటా ప్యాక్ లెక్కపెట్టుకుని వాడేవాళ్లకు అది పెద్ద మేలు. ఫోన్లకు మరింత అనువైన జేమ్యాప్ ప్రమాణం 2019లో వెలువడింది. ఇవి ఎవరి సొత్తూ కావు. అందుకే థండర్‌బర్డ్ వంటి ఉచిత యాప్ కూడా ఆండ్రాయిడ్‌లో ఐమ్యాప్, ఎస్‌ఎంటీపీలతో పనిచేయగలుగుతోంది.

ఒక కంపెనీ సొంత పద్ధతి మీద ఆధారపడితే ఏమవుతుందో ఇదివరకే చూశాం. ఫోన్‌కు మెయిల్ చేర్చే, మైక్రోసాఫ్ట్ లైసెన్స్ మీద నడిచే యాక్టివ్‌సింక్ పద్ధతిని గూగుల్ 2013 జనవరి 30 నుంచి ఉచిత ఖాతాలతో కొత్తగా కలిపే ఫోన్లకు ఆపేసింది. బదులుగా ఐమ్యాప్ వాడుకోమంది. కంపెనీల లెక్కలు మారినా నిలిచింది బహిరంగ ప్రమాణమే.

భద్రత కోసం సొంత యాప్ తప్ప వేరే దారి ఇవ్వలేమని కొందరు అంటారు. పాస్‌వర్డ్‌ను ప్రతి యాప్‌కూ అప్పగించడం ప్రమాదమన్న మాట నిజమే. అందుకే 2022లో గూగుల్, మైక్రోసాఫ్ట్ ఆ పాత పద్ధతిని మూసివేయడం మొదలుపెట్టాయి. కానీ ఐమ్యాప్‌ను మూయలేదు; పాస్‌వర్డ్ అప్పగించకుండానే యాప్‌కు అనుమతినిచ్చే ఓఆథ్ పద్ధతితో కొనసాగించాయి. ఓఆథ్ కూడా బహిరంగ ప్రమాణమే. కాబట్టి భద్రత, స్వేచ్ఛ రెండూ కలిసి సాధ్యమే.

ఇ-గవర్నెన్స్‌లో రాయల్టీ లేని బహిరంగ ప్రమాణాలు వాడాలని భారత ప్రభుత్వం 2010 నవంబరులోనే విధానం ప్రకటించింది. మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు 2011 జనవరిలో దేశమంతటా అమలైంది. ఈ రెండింటి స్ఫూర్తీ ఈమెయిల్‌కూ అందాలి.

కనుక ఈ కింది కోర్కెలను తమ ముందు ఉంచుతున్నాం:

1. ప్రజాధనంతో కొనే ప్రతి మెయిల్ సేవ ఐమ్యాప్, ఎస్‌ఎంటీపీ లేదా జేమ్యాప్ ద్వారా అందాలి. టెండరులోనే దీన్ని షరతుగా పెట్టాలి.

2. దేశంలో ప్రజలకు మెయిల్ సేవలు అందించే సంస్థలు ఉచిత ఖాతాలకు కూడా ఈ సదుపాయం ఇవ్వాలి. డబ్బు కట్టినవారికే అనే తేడా ఉండకూడదు.

3. ఓఆథ్ అనుమతి కోరే చిన్న యాప్‌లకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌లకు నమోదు తేలికగా, భారీ రుసుము లేకుండా జరగాలి. లేకపోతే తలుపు తెరిచి గడప మీద గేటు పెట్టినట్టే.

4. సర్వర్ వివరాలను ఫోను తనంతట తాను తెలుసుకునే ఆర్‌ఎఫ్‌సీ 6186 పద్ధతిని అమలు చేయాలి. అమర్చుకునే విధానాన్ని తెలుగు, గుజరాతీ సహా భారతీయ భాషల్లో ప్రచురించాలి.

5. తెలుగు లిపిలో ఉన్న ఈమెయిల్ చిరునామాలను ప్రభుత్వ పోర్టళ్లన్నీ స్వీకరించాలి. అందుకు తగిన ప్రమాణాలు 2012 నుంచే ఉన్నాయి.

6. ఖాతా మూసే ముందు పాత మెయిళ్లను వేరే చోటికి తరలించుకోవడానికి కనీసం 90 రోజుల గడువివ్వాలి.

7. కతర్‌గామ్‌లోని ఉత్తర జోన్ కార్యాలయంలో, తెలుగు మాధ్యమ మున్సిపల్ బడుల్లో, ఫోన్‌లో సొంత మెయిల్ అమర్చుకోవడం నేర్పే శిబిరాలను సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ పెట్టాలి.

వీటిలో మొదటి కోర్కెకు కొత్త చట్టం అక్కర్లేదు. 2010 నాటి విధానాన్ని ఇకపై పిలిచే టెండర్లలో అక్షరాలా పాటిస్తే చాలు. ఈమెయిల్‌లో వచ్చిన నోటీసుకు పౌరుడు జవాబుదారీ అయినప్పుడు, ఆ ఈమెయిల్‌ను తనకు నచ్చిన యాప్‌లో, తన దగ్గరున్న ఫోన్‌లో చదువుకునే వీలు కల్పించడం ప్రభుత్వ బాధ్యత. తగిన ఉత్తర్వులు త్వరగా జారీ చేసి, తీసుకున్న చర్యలను మాకు రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
కతర్‌గామ్ ప్రాంత తెలుగు నివాసులు, సూరత్