చెత్త సంచీతో పాటు చెవులూ తీసుకెళ్లండి

హవాయి దీవులకు వెళ్లే కొన్ని విద్యార్థి బృందాలు సముద్రపు ఒడ్డున సఫాయి చేస్తూనే అక్కడి తహజీబ్ కూడా నేర్చుకుంటాయి. బిగ్ ఐలాండ్‌లోని కమిలో తీరానికి అలలు ఎక్కడెక్కడి ప్లాస్టిక్‌నో మోసుకొస్తాయి. అక్కడి జబాన్‌లో 'మాలామ ఆయినా' అని ఒక మాట ఉంది. నేలను సంభాళించుకోవడం అని అర్థం. 1896 చట్టంతో బళ్లలోంచి వెళ్లగొట్టిన జబాన్ అది. సర్కారీ భాషగా మళ్లీ ఇజ్జత్ దక్కింది 1978లో. ఆ దాస్తాన్ తెలియకుండా చెత్త ఏరితే ఒట్టి చాకిరీ.

మన వేముల పిల్లలకు సముద్రం దూరం. గండికోట మాత్రం మన జిల్లాలోనే ఉంది. పెన్నా లోయ అంచున సెల్ఫీలు దిగి, నీళ్ల బాటిల్ అక్కడే పారేసి వచ్చే సైర్ ఇక చాలు. సంచులు పట్టుకుని పోదాం. జామియా మసీదు, మాధవరాయ గుడి ఒకే ఖిల్లాలో ఎట్లా నిలిచాయో పిల్లల్ని అడగనిద్దాం. రెండింటి ముంగిళ్లూ ఊడ్చిన పిల్లోడికి నఫ్రత్ నూరిపోయడం అంత ఆసాన్ కాదు.

అక్కడితో ఆగొద్దు. 2020లో గండికోట రిజర్వాయర్ నీళ్లొస్తే తాళ్ళప్రొద్దుటూరు జనం ఊరు ఖాళీ చేశారు. ఆ పెద్దల దగ్గర కూర్చుని మునిగిన ఇండ్ల కత వినాలి. ఆ యాద్ కూడా మన చేతిలోని అమానతే.

అయ్యవార్లూ, ఫొటోల కోసం ఒక్కరోజు తమాషా వద్దు. ఏటా అదే జాగాకు పిల్లల్ని తీసుకెళ్లండి. ఏరిన చోట మళ్లీ ఎంత చెత్త చేరిందో వాళ్లనే లెక్క రాయనివ్వండి. ఆ హిసాబ్ పట్టుకుని అధికారులను నిలదీసే హక్ వాళ్లకుంటుంది.