వృద్ధుల రక్షణకు కొలబద్ద ఏది?

కన్నవారిని కంటికి రెప్పలా చూసుకోవడం మన జాతి లక్షణమని వేదికలెక్కి చెప్పుకొంటూ ఉంటాం. ఆ మాట పూర్తిగా నిజమైతే 2007లో భారత పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని చేయవలసిన అవసరమే కలిగేది కాదు. వేళకు అన్నం పెట్టకపోవడం, పింఛను సొమ్ము లాగుకోవడం, ఆస్తి రాయించుకొని వీధిలోకి నెట్టడం, పలకరింపైనా లేకుండా మూలగదిలో పడవేయడం ఇవన్నీ హింసకు రూపాలే. 60 ఏళ్లు దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రూపంలో దీనికి గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ చట్టం ప్రకారం రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునల్, ప్రతివాదికి నోటీసు అందిన నాటి నుంచి 90 రోజులలో పోషణభృతి సంగతి తేల్చాలి. సేవ చేయాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు రద్దు చేయించుకొనే వీలును 23వ సెక్షన్ కల్పించింది. 2021లో 14567 సంఖ్యతో దేశవ్యాప్త సహాయవాణి కూడా ఏర్పడింది. ఏర్పాట్లు మంచివే. అవి ఎంతవరకు ఫలించాయని అడిగితే మాత్రం సాధారణంగా వచ్చే సమాధానం ఒక్కటే: ఇన్ని ఫోన్లు, ఇన్ని అర్జీలు, ఇన్ని పరిష్కారాలు. నా దృష్టిలో ఇది కార్యాలయం చేసిన పనికి లెక్కే కాని, వృద్ధురాలికి జరిగిన మేలుకు లెక్క కాదు.

ఒక తల్లి అర్జీ పెట్టుకొన్నదనుకొందాం. కుమారుడు వచ్చి నెలనెలా డబ్బు ఇస్తానన్నాడు. రాజీ కుదిరిందని దస్త్రం మూశారు. మూడో నెల నుంచి డబ్బు ఆగింది. మరల ఆ మెట్లు ఎక్కే ఓపిక ఆమెకు లేదు. కన్నకొడుకు మీద పదేపదే ఫిర్యాదు చేయడానికి మనసూ రాదు. రిజిస్టరులో మాత్రం ఆమె పేరు పరిష్కృతమైన వాటిలోనే ఉంటుంది. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ కథ చదివినవారికి ఇది కొత్త కాదు. అక్క బుద్ధి చెప్పగా అతడు కొన్నాళ్లు ఇంటిపట్టున ఒద్దికగానే ఉన్నాడు. అందరూ సంతోషించారు. ఒక రాత్రి ఇంటిలోని సొత్తు మూటగట్టుకొని పారిపోయాడు. ఆ అక్క ప్రయత్నాన్ని మొదటి వారంలో కొలిచి ఉంటే నూటికి నూరు మార్కులు వేసి ఉండేవారం!

ఫిర్యాదుల పెరుగుదలను, తగ్గుదలను చూసి తీర్పు చెప్పడంలోనూ చిక్కు ఉంది. న్యూయార్క్ నగరంలో ఇటువంటి ఒక కార్యక్రమంపై జరిగిన పరిశోధన 2001లో వెలువడింది. అవగాహన ప్రచారంతోపాటు ఇంటి సందర్శన కూడా అందిన కుటుంబాల నుంచే పోలీసులకు పిలుపులు ఎక్కువగా వచ్చాయి. నోరు విప్పే ధైర్యం కలిగిందని సంతోషిద్దామా? పరిశోధకులు స్వయంగా అడిగినప్పుడూ ఆ ఇళ్లలో దెబ్బల మాట ఎక్కువగానే వినిపించింది. బయటివారి రాక ఇంటిలోని కోపాన్ని రెచ్చగొట్టిందేమోనన్న అనుమానాన్ని కొట్టివేయలేం.

కనుక బాధితురాలు కోరుకొన్నది నెరవేరిందా అన్నదానినే కొలవాలి. 1968లో కిరెసుక్, షెర్మన్ అనేవారు మానసిక ఆరోగ్య రంగంలో ఒక పద్ధతిని రూపొందించారు. వ్యక్తి లక్ష్యాలను ముందే రాసుకొని, ఆశించినదానికంటె ఎంత తక్కువ, ఎంత ఎక్కువ జరిగిందో అయిదు మెట్లలో గుర్తించడం అందులోని విధానం. అమెరికాలో వృద్ధ బాధితుల సేవలకూ దీనిని వర్తింపజేశారు. ఒకరికి కొడుకు జైలుకు పోకుండానే దెబ్బలు ఆగాలి. మరొకరికి తన ఇల్లు తనకు రావాలి. వేరొకరికి మనుమరాలితో మాట్లాడే వీలుంటే చాలు. అయితే భయపడిన మనిషి తక్కువే కోరుతుంది. అందుచేత ఆమె భద్రతను వేరుగా విచారించక తప్పదు.

దస్త్రం మూసిన ఆరు నెలలకు ఈ ప్రశ్నలు అడగాలి. అడిగేవారెవరు? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి సచివాలయ ఉద్యోగులు నెలనెలా పింఛనును గుమ్మం ముందుకు తెస్తున్నారు. కాని కొడుకు పక్కనే నిలబడి ఉండగా "బాగున్నావా అవ్వా?" అంటే "బాగున్నాను నాయనా" అన్న జవాబే వస్తుంది. ఆమెను ఒంటరిగా కూర్చుండబెట్టి, తొందర లేకుండా అడగగల శిక్షణ పొందినవారు కావాలి. ఆమె చెప్పినది రాసుకోవడానికి ట్రిబ్యునల్ రిజిస్టరులో ఒక గడి కావాలి. డబ్బు ఆగిందని తెలిసిన వెంటనే, ఆమె మరల మెట్లెక్కకుండానే, ఆ దస్త్రాన్ని తెరిచే అధికారి కావాలి.