పేరు వెనక మాట: పెనెలపీ

ఈ నెల పేరు పెనెలపీ. గ్రీకు పేరు. స్పెయిన్ నటి పెనెలొపే క్రూజ్ వల్ల మన పిల్లల చెవిన పడింది గానీ, పేరు చాలా పాతది. హోమర్ చెప్పాడనే ‘ఒడిస్సీ’ కావ్యంలో ఇతాకా ద్వీపపు రాణి పేరిది. ఆ కావ్యానికి సుమారు 2,700 ఏళ్లుంటాయి.

పండితులు ఈ పేరుకు రెండు మూలాలు చెప్తారు. ఒకటి ‘పేనే’ అనే గ్రీకు మాట. అంటే పేక నూలు, కండెకు చుట్టే నూలు. రెండోది ‘పేనెలోప్స్’, అదో జాతి బాతు. పసిగుడ్డుగా సముద్రంలో పారేస్తే బాతులు కాపాడాయని, అందుకే ఆ పేరొచ్చిందని గ్రీకులు తర్వాత కథ చెప్పుకున్నారు. ఈ రెండింట్లో ఏదన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది. నేతింటి దాన్ని కాబట్టి నా మనసు పేక మీదికే పోతుంది.

కథ చూడండి. మొగుడు ఒడీసియస్ యుద్ధానికి పోయి 20 ఏళ్లు రాలేదు. పెళ్లాడమంటూ 108 మంది వచ్చి ఇంట్లో తిష్ఠ వేశారు. ఆమె “మా మామగారికి పోయినప్పుడు కప్పే బట్ట నేస్తున్నా, అది అయ్యాక చూద్దాం” అంది. పగలు నేసేది, రాత్రి దివిటీ వెలుగులో విప్పేది. మూడేళ్లు సాగింది. నాలుగో ఏడు దాసి ఒకతె బయటపెట్టింది.

అప్పటి గ్రీకు మగ్గం మన గుంట మగ్గం లాంటిది కాదు, నిలువు మగ్గం. పైకర్రకు పడుగు కట్టి, కింద పోగులకు మట్టి బరువులు వేలాడదీసేవాళ్లు. పేక దూర్చి పైకి కొట్టాలి. నేసే మనిషి నిలబడి అటూ ఇటూ తిరగాలి. క్రీ.పూ. 440 నాటి ఒక మట్టి పాత్ర మీద దిగులుగా కూర్చున్న పెనెలపీ, ఆమె వెనక ఆ మగ్గం కనిపిస్తాయి.

నేత తెలిసినోళ్లకు ఒక సంగతి ఇట్టే తడుతుంది. విప్పినా ఆమె విప్పింది పేకనే, పడుగు అట్లాగే ఉంది. పేక విప్పడం నేసినంత పని. పోగు తెగొద్దు, చిక్కు పడొద్దు. అంటే మూడేళ్లు డబల్ పాళీ చేసిందన్నమాట!

మన ఇండ్లల్లో కండెలు చుట్టిన అమ్మలు, అత్తలు ఎందరో. మగ్గం మీద కూర్చున్న మగవాడికే కూలి లెక్క. కండె చుట్టినామె పని ఇంటిపని కింద పోయింది. హాజరు పుస్తకంలో ఆమె పేరే లేదు.

భివండీ చెల్లెలొకామె అడిగింది, మేనకోడలు బిడ్డకు ఈ పేరు పెడతానంటే పెద్దలు “నోరు తిరగదు, మనకెందుకు” అంటున్నారని. పెట్టుకోనివ్వండి. ఇంట్లో పెన్నీ అని పిలవొచ్చు. జన్మ దాఖలాలో, బడిలో ఒకే తీరుగా రాయించండి, లేకుంటే రేపు ఆధార్ కాడ తిప్పలు. ఇంకో మాట, మీ ఇంట్లో కండెలు చుట్టిన ముత్తవ్వ పేరు కూడా దానికి జోడించండి. ఆమె పేరు కాగితం మీద పడాల్సిందే.

వచ్చే నెలకు మీరు అడగాలనుకున్న పేరు రాసి పంపండి.