ఎమ్మారై రిపోర్టులో తెలుగు వివరణ ఉండాలి!

నడుంనొప్పి బాధితులకు, వైద్యులకు, స్కానింగ్ కేంద్రాల వారికి విజ్ఞప్తి

‘మోడిక్ టైప్ 2 ఎండ్‌ప్లేట్ మార్పులు’. నడుము ఎమ్మారై రిపోర్టుల్లో తరచూ కనిపించే మాట ఇది. దాని అర్థం విడమరిచి చెప్పేవారు తక్కువ. ‘పూస అరిగిపోయింది, ఇక ఆపరేషనే’ అన్న భయం మాత్రం రోగి వెంట ఇంటిదాకా వస్తుంది.

వెన్నుపూసకూ డిస్కుకూ మధ్య ఉండే పలుచని పొరే ఎండ్‌ప్లేట్. దాన్ని ఆనుకున్న ఎముక మజ్జలో వచ్చే మార్పులను అమెరికన్ రేడియాలజిస్టు మైకేల్ మోడిక్ బృందం 1988లో వర్గీకరించింది. మొదటి రకం వాపు, రెండోది కొవ్వు చేరడం, మూడోది ఎముక గట్టిపడటం. మొదటి రకానికి నొప్పితో సంబంధం కాస్త ఎక్కువ. అయినా ఏ నొప్పీ లేనివారిలోనూ ఈ మార్పులుంటాయి. డిస్కు సంగతీ అంతే. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది.

మోడిక్ మార్పులకు సూక్ష్మజీవులే కారణమని, యాంటీబయాటిక్‌తో నయమవుతుందని 2013లో డెన్మార్క్ పరిశోధకులు ఆశ రేపారు. కానీ నార్వేలో 180 మందిపై జరిపి 2019లో ప్రచురించిన యాంటీబయాటిక్ పరీక్షలో చెప్పుకోదగ్గ మేలేమీ తేలలేదు.

మాట కూడా మందే. కోయంబత్తూరు గంగా హాస్పిటల్ వైద్యులు 2021లో ప్రచురించిన అధ్యయనం చూడండి. స్కాన్‌లోని లోపాలన్నీ ఏకరువు పెడితే విన్న రోగులకంటే, ‘ఇవి వయసుతో వచ్చేవే’ అని ధైర్యం పొందినవారు ఆరు వారాలకు మెరుగ్గా ఉన్నారు.

అందుకే మా డిమాండ్లు:

1. ప్రతి రిపోర్టు చివరా తెలుగులో ఇలా ముద్రించాలి: ‘ఈ మార్పులు నొప్పి లేనివారిలోనూ కనిపిస్తాయి. మీ విషయంలో వీటి అర్థమేమిటో మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు చెప్పాలి.’
2. ప్రమాద సూచనలు లేని కొత్త నడుంనొప్పికి మొదటి ఆరు వారాల్లో ఎమ్మారై రాయకూడదు.
3. మోడిక్ అన్న ఒక్క మాట చూసి యాంటీబయాటిక్ గానీ ఆపరేషన్ గానీ నిర్ణయించకూడదు.

ఆ ప్రమాద సూచనలు ఇవి: కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాల అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నడుంనొప్పితో పాటు జ్వరం ఉన్నా, గట్టి దెబ్బ తగిలినా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆలస్యం చేయొద్దు. ఇవేవీ లేకపోతే మంచం పట్టకండి. వీలైనంత నడవండి, పనుల్లో ఉండండి.

రిపోర్టు చూసి ఆపరేషన్ అన్నవారిని ఒక్క ప్రశ్న అడగండి: ‘నా నొప్పికి ఇదే కారణమని ఎలా తేల్చారు?’ జవాబు అర్థమయ్యేదాకా సంతకం పెట్టకండి.