ఖాళీ రిజిస్టరును నేను నమ్మను

ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఏ వార్డుకు వెళ్ళినా నేను మొదట అడిగేది పొరపాట్లు రాసే రిజిస్టరు. ఒక మందుకు బదులు ఇంకో మందు పడటం, పేషెంటు మంచం మీంచి జారిపడటం, రక్తం శాంపిల్ మీద వేరేవాళ్ళ పేరు అంటించడం లాంటివన్నీ అందులోకి ఎక్కాలి. ఆర్నెల్లుగా ఒక్క అక్షరం పడని రిజిస్టరు చూస్తే పై అధికారులు భేష్ అంటారు. నాకు మాత్రం భయమేస్తుంది. నలభై మంచాలకు రాత్రిపూట ఇద్దరు నర్సులు, ఒక ఎంఎన్‌ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) ఉన్నచోట ఆర్నెల్లు ఏ పొరపాటూ జరగలేదంటే నమ్మడానికి నేనేం నిన్న చేరిన పిల్లను కాను.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు రెండు ఆసుపత్రుల్లోని ఎనిమిది వార్డులను పరిశీలించి 1996లో ఒక వ్యాసం ప్రచురించారు. సిబ్బంది కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లో మందుల పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ముందుగా అనుకున్నారు. లెక్క తిరగబడింది. మంచి ఇన్‌ఛార్జి ఉన్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడివాళ్ళు జరిగింది దాచకుండా చెబుతున్నారని తర్వాత ఆమెకు అర్థమైంది. అది చదివినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

నేను హెడ్ నర్సుగా ఉన్నప్పటి మాట. పొటాషియం క్లోరైడ్ అని ఒక మందు ఉంది. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాలి. నేరుగా నరానికి ఇస్తే గుండె ఆగిపోతుంది. మా ట్రేలో దాని ప్లాస్టిక్ ఆంప్యూలూ, ఇంజెక్షన్ పొడి కలుపుకునే డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూలూ ఒకే సైజులో పక్కపక్కనే ఉండేవి. నైట్ డ్యూటీలో ఉన్న కొత్తమ్మాయి నీళ్ళనుకుని పొటాషియం తీసింది, మూత తుంచింది, సిరంజిలోకి లాగబోతూ పేరు చూసి ఆగిపోయింది. ఎవరూ చూడలేదు. ఆంప్యూల్ చెత్తబుట్టలో పడేస్తే అక్కడితో సరి. కానీ పొద్దున డ్యూటీ అప్పగించేటప్పుడు అందరి ముందూ చెప్పేసింది. ఆ పిల్ల చేతులు వణుకుతున్నాయి.

"మంచిపని చేశావమ్మా, అది ఏ ట్రేలో ఉందో చూపించు" అన్నాను. మధ్యాహ్నానికల్లా పొటాషియం మొత్తం ట్రేలోంచి తీసి, విడిగా తాళం వేసే అరలో పెట్టి, డబ్బా చుట్టూ ఎర్ర ప్లాస్టర్ అంటించాం. ఆ తర్వాత ఇంకో ఇద్దరు నర్సులు నా దగ్గరికి వచ్చారు. వాళ్ళకూ అంతకుముందు అలాగే చేతిదాకా వచ్చి తప్పిపోయిందట. అన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు.

అదే ఆసుపత్రిలో ఇంకో వార్డుంది. అక్కడ ఒక పెద్దాయన మంచం మీంచి పడితే డ్యూటీ నర్సుకు మెమో ఇచ్చి, ఇరవైనాలుగు గంటల్లో సంజాయిషీ రాయమన్నారు. ఆ తర్వాత ఆ వార్డులో పేషెంట్లు పడటం మానేశారు. కేస్ షీట్లు తిరగేస్తే మాత్రం, కళ్ళు తిరిగి నేలమీద కూర్చున్నవాళ్ళు బోలెడంతమంది కనిపించారు.

ఆసుపత్రుల్లోనే ఇలా జరుగుతుందనుకోకండి. మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ప్రాజెక్టు రిపోర్టులో గడువుకు వారం ముందు దాకా అన్నీ ఆకుపచ్చగానే ఉంటాయట, చివరి వారంలో ఒక్కసారిగా ఎర్రబడతాయట. మేనేజరుకు చెడువార్త చెప్పడానికి ఎవరికి ధైర్యం?

ఆ ధైర్యం రావాలంటే పద్ధతులు పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల జాబితా తెచ్చింది. కత్తి పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరూ, చేసే పనీ చెప్పాలన్నది అందులో ఒకటి. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల్లో ఒక్కో ఆసుపత్రిలో ఆ జాబితాను అమలుచేసి చూస్తే, ఆపరేషన్ అయినవాళ్ళలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. పేర్లు చెప్పుకోవడం వల్లే అంత తగ్గిందని ఎవరూ అనరు. కానీ "ఏయ్ సిస్టర్" అని పిలిపించుకునే అమ్మాయి, "సార్, గాజ్ గుడ్డ ఒకటి తక్కువైంది" అని పెద్ద సర్జన్‌ను ఆపగలదా? ఎంఎన్‌ఓల సంగతి సరేసరి. ఏళ్ళ తరబడి వాళ్ళ పేర్లు తెలియని డాక్టర్లను నేను చూశాను.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ గురించి రాసిన పుస్తకంలో మూడో అధ్యాయమంతా ఇలాంటి నిర్వహణ గురించే. మనం ఉన్నప్పుడు జరిగే పని మనం లేనప్పుడూ జరిగేలా ఏర్పాటు చేయాలని ఆమె బోధ. వార్డు ఇన్‌ఛార్జి రాత్రి రెండింటికి అక్కడ ఉండదు. ఆ వేళ ఫోన్ వస్తే విసుక్కునే ఇన్‌ఛార్జికి మళ్ళీ ఫోన్ రాదు.

పొరపాటు చేసినవాళ్ళను ఇలా వదిలేస్తే క్రమశిక్షణ ఏమవుతుందని అడిగేవాళ్ళుంటారు. మెమోలు నేనూ ఇచ్చాను. ఒక రాత్రి గంటగంటకూ బీపీ చూడాల్సిన పేషెంటు చార్టులో పొద్దున్న దాకా 120/80 అనే ఉంది, ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టు. పేషెంటు భార్యను అడిగితే రాత్రంతా ఎవరూ రాలేదంది. ఆ రాత్రి డ్యూటీ నర్సుకు మెమో రాయడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. యూనియన్ నాయకులు ముగ్గురు నా గదికి వచ్చారు. పొటాషియం పిల్లను వదిలేసి ఈమెనెందుకు పట్టుకున్నారని గట్టిగానే అడిగారు. చార్టు తీసి బల్లమీద పెట్టాను. చూసి, టీ తాగి వెళ్ళిపోయారు.