డబ్బా వద్దన్నవాళ్లే గిన్నె పట్టాలి

“అమ్మా, డబ్బా తెప్పించాను. తిట్టకు.”

రెండు నెలల క్రితం హైదరాబాదు నుంచి ఫోనులో మా అమ్మాయి అన్న మొదటి మాట ఇది. అప్పటికి మా మనవరాలికి ఏడో నెల పడి వారం రోజులైంది. ఆడపిల్ల కదా, బేసి నెలలో చెయ్యాలని ఏడో నెల రాగానే తెనాలిలో మా ఇంట్లోనే అన్నప్రాశన చేశాం. పలకా, పుస్తకం, బంగారం అన్నీ ముందు పెడితే పిల్ల పెన్ను పట్టుకుంది. అందరం మురిసిపోయాం. మర్నాటి నుంచి ఆ పిల్లకి ఎవరు వండాలి, ఎవరు పెట్టాలి అన్న సంగతి మాత్రం ఒక్కరమూ ఆలోచించలేదు.

తిట్టకు అంటే ఊరుకుంటానా! “ఇంట్లో గుమ్మడికాయ లేదా, క్యారెట్ లేదా, పెసరపప్పు లేదా? పిడికెడు ఉడకేసి మెదిపితే అయిపోయేదానికి డబ్బా ఎందుకే? మిమ్మల్నిద్దర్నీ డబ్బా ముట్టకుండా పెంచాను నేను” అని అందుకున్నాను. అమ్మాయి అంతా విని, “నిజమేనమ్మా. కానీ అప్పుడు ఇంట్లో నువ్వొక్కదానివేనా ఉన్నది?” అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

1993లో దానికి అన్నం మొదలుపెట్టినప్పుడు మా ఇంట్లో అత్తగారు, తోటికోడలు, పెళ్లి కాని ఆడపడుచు ఉండేవారు. ఒకరు పప్పు ఉడకేస్తే ఒకరు మెదిపేవారు. ఆడపడుచు పిల్లని చంకనేసుకుని కాకుల్ని చూపిస్తూ గిన్నె ఖాళీ చేయించేది. చాలా రోజులు నా వంతుకి వచ్చింది ఆ గిన్నె కడగడమే. ఇన్నేళ్లూ ‘నేను పెంచాను’ అని చెప్పుకుంటూ వచ్చాను గానీ, ‘మేం పెంచాం’ అనాలి.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ పెట్టింది కూడా అంత గొప్పగా ఏం పెట్టలేదు. ‘పసిపిల్లకి అరగదు’ అంటూ పప్పు మీద తేట, గంజి, చారులో పిసికిన నాలుగు మెతుకులు పెట్టేవాళ్లం. రెండు నెలలు గడిచినా పిల్ల బరువు పెరగలేదు. పిల్లల డాక్టరుగారు “ఏం పెడుతున్నారు?” అని అడిగి, మేం గొప్పగా చెప్పింది విని, “నీళ్లతో కడుపు నింపుతున్నారమ్మా” అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. బిడ్డ పొట్ట గుప్పెడంత. అందులో నీళ్లు పోస్తే ఇక తిండికి చోటెక్కడ?

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు ఒక్కటే చాలు. ఆ తర్వాత పాలు మాననక్కర్లేదు, రెండేళ్లు ఆ పైన కూడా ఇవ్వొచ్చు. కానీ అవి ఒక్కటే చాలవు. పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఉన్న ఇనుము నిల్వ కూడా అప్పటికి తగ్గిపోతూ ఉంటుంది. అందుకే ఆ గిన్నెలో ఉండేది చిక్కగా, బలంగా ఉండాలి. స్పూను కొంచెం వంచితే జారిపోకుండా నిలవాలి. కొలత అదే.

పద్ధతి చెప్పనా? నాలుగు గుమ్మడికాయ ముక్కలు, చెక్కు తీసిన చిన్న క్యారెట్ ఒకటి ఇడ్లీపాత్రలో ఆవిరి మీద మెత్తగా ఉడకనివ్వండి. మిక్సీలో వేస్తే అంత కొంచెం తిరగనే తిరగదు, ఉన్నదంతా జారు గోడలకే అంటుకుంటుంది. పప్పుగుత్తితో మెదిపి, మొదటి వారం పది రోజులు చిక్కంలో వేసి గరిటె వెనకవైపుతో రుద్దితే చాలు. ఉత్త కూరగాయ గుజ్జుతో బిడ్డకి బలం రాదు. అందులో మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు కలిపి, అరచెంచా నెయ్యి వెయ్యండి. చిలగడదుంప, సొరకాయ, బీన్స్, బీట్‌రూట్ ఏదైనా ఇంతే. కొత్త కూర ఒకటి పెట్టాక రెండు మూడు రోజులు చూసి ఇంకోటి మొదలుపెట్టండి. గుడ్డు తినే ఇళ్లలో బాగా ఉడికిన గుడ్డు మెదిపి పెట్టొచ్చు.

రోజుకి రెండుసార్లు, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, మెల్లగా అరకప్పు దాకా రండి. ఏడాదిలోపు ఉప్పూ పంచదారా అక్కర్లేదు. ‘చప్పగా ఉంటే ఎలా తింటుంది’ అనేది మన నాలిక, బిడ్డ నాలిక కాదు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా అసలు వద్దు. పుట్టగానే నాలిక మీద తేనె రాసే అలవాటున్న ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాలి. అరుదుగానైనా అది పసివాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. ఎనిమిదో నెల దాటాక మరీ మెత్తగా కాకుండా కాస్త పలుకుగా ఉంచండి, లేకపోతే నమలడం నేర్చుకోరు.

వినడానికి ఇదంతా చాలా తేలికగా ఉంది కదూ? తేలికే, చేతిలో గంట సమయం, పక్కన ఇంకో మనిషి ఉంటే!

మా అమ్మాయి సంగతే చూడండి. 2017లో చట్టం సవరించాక ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. మంచిదే. కానీ లెక్క వేసి చూస్తే 26 వారాలంటే సరిగ్గా ఆరు నెలలు. కాళ్ల వాపులు వచ్చి అమ్మాయి కాన్పుకి రెండు వారాల ముందే సెలవు పెట్టింది. అంటే పిల్లకి అయిదున్నర నెలలకే మళ్లీ ఉద్యోగం. బిడ్డకి గిన్నె పట్టే రోజు వచ్చేసరికి తల్లి బస్సులో ఉంటోంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలని అదే సవరణలో ఉంది. మీ ఆఫీసులో ఉందా? మా అమ్మాయి ఆఫీసులో ‘ఆలోచిస్తున్నాం’ అంటున్నారట.

అలాగని డబ్బాని నెత్తిన పెట్టుకోమనను. రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు వెయ్యకూడదని మన దేశంలో 1992 నాటి చట్టం, దానికి 2003లో సవరణ ఉన్నాయి. ఊరికే చేశారా? 2024లో ఇలాంటి డబ్బాల్లో కలిపే పంచదార గురించి పత్రికల్లో ఎంత చర్చ జరిగిందో చూశాం. కొనక తప్పకపోతే వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి కొనండి. కానీ అత్యవసరానికి ఒక డబ్బా తెచ్చిన తల్లిని నేరం చేసినట్టు చూడటం మాత్రం అన్యాయం. ‘ఇంట్లో చేసి పెట్టాలి’ అన్న మాట సలహాగా మొదలై, చివరికి తల్లి నెత్తిన మొట్టికాయ అవుతోంది. అనేవాళ్లు పదిమంది, చేసేది ఒక్కతే.

అందుకే నేను ఫోను పెట్టేసి హైదరాబాదు బస్సెక్కాను. మూడు వారాలున్నాను. అమ్మాయికి ఏమీ నేర్పలేదు, అల్లుడుగారికి నేర్పాను! మొదటిరోజు పప్పుగుత్తి ఎటు పట్టుకోవాలో తెలియక నవ్వించారు. నాలుగోరోజుకి చిక్కంలో గుమ్మడికాయ రుద్దడం వచ్చేసింది. ఆదివారం ఉడికించి మెదిపి, ఐసు గడ్డల ట్రేలో పోసి ఫ్రీజరులో పెట్టడం ఆయన సొంత తెలివే. కావలసిన రెండు గడ్డలు తీసి, బాగా వేడిచేసి, అప్పటికప్పుడు పప్పన్నంలో కలిపితే సరి. ఎంగిలి చెంచా పెట్టిన గిన్నెలో మిగిలింది మాత్రం దాచకూడదని చెప్పాను.

మా వియ్యపురాలు చూడటానికి వచ్చి, “ఏంటి వదినగారూ, మావాడి చేత చిక్కం పట్టించారు!” అంది. “పట్టుకోవడం బాగానే వచ్చింది వదినగారూ, మీరూ వారానికి రెండు రోజులొచ్చి పిల్లకి పెడితే ఇంకా బాగుంటుంది” అన్నాను. కాస్త మొహం ముడుచుకుంది గానీ, ఇప్పుడు మంగళవారం, శుక్రవారం ఆవిడే వస్తోంది.

నేను తిరిగొచ్చిన వారానికి అల్లుడుగారి దగ్గర్నుంచి కంగారుగా ఫోను. “అత్తయ్యగారూ, పాపకి ఎర్రగా వెళ్తోంది!” ముందురోజు ఏం పెట్టారంటే బీట్‌రూట్ అన్నారు. నవ్వుకుని, రేపటికి మామూలైపోతుంది, కాకపోతే డాక్టరుకి చూపించండి అని చెప్పాను. మర్నాటికి మామూలే. డైపరు మార్చింది ఆయనేనన్నమాట! ఆ సంతోషం నాకు చాలు.

అమ్మమ్మలూ, నానమ్మలూ, తాతయ్యలూ, తండ్రులూ! డబ్బా వద్దంటున్నారా? మంచిమాట. అయితే ఆ తర్వాతి మాటగా ‘రోజూ ఏ పూట నేను పెట్టాలి?’ అని అడగండి. అడగలేకపోతే ఆ తల్లిని ఊరికే వదిలెయ్యండి.

మా అమ్మాయి ఇంట్లో డబ్బా ఇంకా అలమారలోనే ఉంది. సగం కూడా అవలేదట. పారెయ్యమని నేను చెప్పలేదు.